బుడాపెస్ట్‌లో మూడు రోజులు: ఏ ఒడ్డున, ఏ వేళకు, ఏం చూడాలి

యూరప్‌లో చదువుకునే, ఉద్యోగాలు చేసే మనవాళ్ళు వరసగా మూడు సెలవులు దొరికితే చాలు, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ మూడింటినీ ఒకే దెబ్బలో చుట్టేయాలని బయల్దేరుతారు. ఇంటికొచ్చాక ఫోన్లో వందల ఫొటోలుంటాయి గానీ, ఏ వంతెన ఏ ఊళ్ళోదో గుర్తుండదు. బుడాపెస్ట్‌ను అలా చూడొద్దని నా గట్టి సలహా. దానికి విడిగా మూడు రోజులివ్వండి. అంతకంటే తక్కువైతే ఊరు చూసినట్టు కాదు.

ఎందుకంటే ఇది రెండు ఒడ్ల ఊరు. మధ్యలో డాన్యూబ్ నది. పడమట కొండల మీద బుడా, తూర్పున చదునైన నేల మీద పెస్ట్. 1873లో బుడా, పెస్ట్, ఓబుడా అనే మూడు ఊళ్ళు కలిస్తేనే ఈ నగరమైంది. పెస్ట్ అందమంతా బుడా ఒడ్డున నిలబడితే కనిపిస్తుంది, బుడా అందం పెస్ట్ ఒడ్డునుంచి కనిపిస్తుంది. చూడాల్సినవాటి జాబితా పట్టుకుని వెళ్ళేవాళ్ళు రోజుకు నాలుగుసార్లు నది దాటుతూ అలసిపోతారు. ఒక పూటంతా ఒకే ఒడ్డున ఉండండి, ఎండ ఎటు పడుతుందో చూసుకుని వేళ ఎంచుకోండి. కింద చెప్పేదంతా ఆ లెక్క ప్రకారమే.

మొదటి అడుగు: కాగితాలు, తేదీలు

హంగరీ షెంజెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల గుంపులో ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంజెన్ దేశాల్లో నివాస అనుమతి ఉన్నవాళ్ళకు వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, నివాస కార్డు రెండూ వెంట ఉంచుకోండి. బ్రిటన్‌లో ఉండే భారతీయ పాస్‌పోర్టుదారులకు మాత్రం షెంజెన్ వీసా తప్పదు. మన ఊరినుంచి వచ్చే అమ్మానాన్నలకూ అంతే.

ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు తిరగడానికి హాయిగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నపుటెండ గట్టిగానే ఉంటుంది, పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఏసీ ఉండదు. చలికాలానిది వేరే అందం. చలిలో వేడినీళ్ళ స్నానం చేయాలనుంటే డిసెంబరు, జనవరి నెలల్లోనే వెళ్ళండి. డిసెంబరు 24 మధ్యాహ్నం తర్వాత మాత్రం దుకాణాలు మూసేస్తారు, ట్రాములు, బస్సులు బాగా తగ్గిపోతాయి. ఆ రోజు ఊళ్ళోకి దిగేలా టికెట్ తీసుకోకండి. ఆగస్టు 20 హంగరీ జాతీయ పండుగ. నది మీద బాణసంచా చూడాలనుంటే అదే రోజు, జనం వద్దనుకుంటే ఆ వారం మానుకోండి.

వారంలో రోజులు కూడా చూసుకోవాలి. మ్యూజియాలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి, పెద్ద యూదు ప్రార్థనాలయం శనివారం మూసి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం దిగి సోమవారం సాయంత్రం బయల్దేరేవాళ్ళు ఈ రెండూ ఆదివారానికి పెట్టుకోవాలి.

రెండో అడుగు: బస

పెస్ట్ వైపే దిగండి. తిండి, ట్రాములు, మెట్రో అన్నీ అక్కడే దగ్గర. గది వెతికేటప్పుడు పిన్‌కోడ్ చూడటం నేర్చుకోండి. నాలుగంకెల్లో మధ్య రెండూ డిస్ట్రిక్టు నంబరు. 1051 అంటే అయిదో డిస్ట్రిక్టు, 1075 అంటే ఏడోది. అయిదు నది ఒడ్డున ఉంటుంది, ఖరీదెక్కువ. ఆరు మధ్యస్థం, నా ఓటు దానికే. ఏడోది పాత యూదుల వాడ. పగలు చూడముచ్చటగా ఉంటుంది గానీ, కజింజీ వీధి చుట్టుపక్కల రాత్రి తెల్లవార్లూ తాగేవాళ్ళ సందడే. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు అక్కడ గది తీసుకోవద్దు. పాత భవనాల్లో లిఫ్టు ఉందో లేదో బుక్ చేసేముందే అడగండి. ఆ మేడల్లో అంతస్తులు చాలా ఎత్తుగా ఉంటాయి, మూడో అంతస్తు అంటే మన అయిదో అంతస్తు ఎక్కినంత.

మూడో అడుగు: ఊళ్ళోకి రావడం, డబ్బు, టికెట్లు

వియన్నానుంచి రైల్లో రెండు గంటల నలభై నిమిషాల ప్రయాణం. కెలెటి స్టేషన్లో దిగితే కిందనే రెండు, నాలుగు నంబర్ల మెట్రోలున్నాయి. విమానంలో వచ్చేవాళ్ళకు రెండు దారులు. 100ఇ బస్సు తిన్నగా నగర మధ్యలోని దేయాక్ తేర్ కూడలికి తెస్తుంది, దానికి ప్రత్యేక టికెట్ కొనాలి. మామూలు 24, 72 గంటల పాసులు ఆ బస్సులో చెల్లవు. 200ఇ బస్సెక్కి మూడో నంబరు మెట్రోకు మారితే మామూలు టికెట్లే సరిపోతాయి, కాస్త ఎక్కువసేపు పడుతుందంతే. పెద్ద సామాన్లుంటే 100ఇ మేలు. టాక్సీ కావాలంటే బయట మీద పడి పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకుండా, టెర్మినల్ దగ్గరున్న అధికారిక టాక్సీ కౌంటర్లోనో, యాప్‌లోనో తీసుకోండి. ఇక్కడ టాక్సీలన్నీ పసుపు రంగువే.

హంగరీ యూరోపియన్ యూనియన్లో ఉన్నా యూరో వాడరు, ఫోరింట్ వాడతారు. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి గానీ, వాళ్ళు కట్టే మారకం రేటుకు మీ చేతిచమురు వదులుతుంది. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది. కార్డు పెట్టగానే మిషన్ మీద 'యూరోలోనా, ఫోరింట్‌లోనా' అని అడిగితే ఎప్పుడూ ఫోరింట్ నొక్కండి. నగదు కావాలంటే బ్యాంకు గోడకున్న ఏటీఎంలోనే తీయండి. టూరిస్టులు తిరిగే వీధుల్లో ఒంటరిగా నిలబెట్టిన ఏటీఎంలు చెడ్డ రేటు కడతాయి. మార్కెట్లో తినుబండారాలకు, టాయిలెట్లకు కొన్ని నోట్లు, చిల్లర ఉంటే చాలు.

ఊళ్ళో తిరగడానికి 72 గంటల పాస్ తీసుకోండి, మళ్ళీ టికెట్ గురించి ఆలోచించక్కర్లేదు. బుడాపెస్ట్‌గో అనే యాప్‌లోనే కొనొచ్చు. విడి టికెట్లయితే ఎక్కిన ప్రతిసారీ ముద్ర కొట్టించాలి, ట్రాము దిగి బస్సెక్కితే మరో టికెట్. మెట్రో మెట్ల దగ్గరే తనిఖీవాళ్ళు నిలబడతారు. తెలియదన్నా వినరు, జరిమానా వేస్తారు. రెండు, మూడు నంబర్ల మెట్రోల్లో ఎస్కలేటర్లు మనం అలవాటుపడ్డవాటికంటే వేగంగా, నిటారుగా ఉంటాయి. చీరలు కట్టుకున్న అమ్మల చెయ్యి పట్టుకుని ఎక్కించండి.

గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్లు కొన్నే. పెస్ట్ వైపు నది పక్కనే పోయే 2 నంబరు ట్రాము, పెద్ద బులెవార్డు మీద తిరిగే 4, 6 ట్రాములు (6 రాత్రంతా నడుస్తుంది), బుడా కోటకొండ ఎక్కే 16 నంబరు బస్సు. ఇవి కాక, ఒకటో నంబరు మెట్రో. 1896లో మొదలైన ఇది యూరప్ ప్రధాన భూభాగంలో మొట్టమొదటి భూగర్భ రైలు. కాసిని మెట్లు దిగగానే తెల్ల పలకల గోడలు, ఇనుప స్తంభాలు, చిన్న పసుపు పెట్టెలు. దీనికి ఒక మెలిక ఉంది. చాలా స్టేషన్లలో ఒక్కో దిశకు రోడ్డుకు ఒక్కో పక్క వేరే ద్వారం ఉంటుంది. లోపలికి దిగాక అవతలి ప్లాట్‌ఫామ్‌కు దారుండదు. దిగకముందే బోర్డు మీద ఏ వైపు వెళ్తుందో చదువుకోండి.

నాలుగో అడుగు: మొదటి సాయంత్రం నదికే

సామాన్లు గదిలో పడేసి, ఏ మ్యూజియానికీ పరుగెత్తకుండా పొద్దుగూకే వేళకు రెండో నంబరు మెట్రోలో బత్యానీ తేర్‌లో దిగండి. అది బుడా ఒడ్డు. మెట్లెక్కి బయటికి రాగానే ఎదురుగా, నదికి ఆవల, పార్లమెంటు నిలువెత్తున నిలబడి ఉంటుంది. పడమటి ఎండ దాని మీద తిన్నగా పడి తెల్లరాయి బంగారు రంగు తిరుగుతుంది, కాసేపటికి దీపాలు వెలుగుతాయి. ఈ దృశ్యానికి టికెట్ లేదు. నన్ను అడిగితే ఊరు మొత్తంలో ఇంతకు మించిన చోటు లేదు.

అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడే దక్షిణంగా నడిస్తే పావుగంటలో గొలుసు వంతెన. 1849లో తెరిచారు, బుడానూ పెస్ట్‌నూ కలిపిన మొదటి శాశ్వత వంతెన ఇదే. 1945లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం నగరంలోని వంతెనలన్నీ పేల్చేసింది. దీన్ని మళ్ళీ కట్టి, సరిగ్గా నూరేళ్ళకు 1949లో తెరిచారు. ఇప్పుడు సొంత కార్లను రానివ్వరు, అందుకని నడవడానికి ప్రశాంతంగా ఉంటుంది. వంతెన దాటి పెస్ట్ చేరి 2 నంబరు ట్రాములో కూర్చుంటే, ఇప్పుడు నడిచొచ్చిన ఒడ్డు, దాని పైన కొండ, కోట దీపాలతో కిటికీలోంచి కనిపిస్తాయి. పడవ విహారాలు బోలెడున్నాయి. డబ్బు పొదుపు చేసుకునేవాళ్ళకు ఈ ట్రామే పడవ. పడవే కావాలంటే భోజనం లేని గంట ప్రయాణం తీసుకోండి. ప్లేటు ముందు కూర్చుంటే కళ్ళు నది మీద ఉండవు. అర్ధరాత్రి దాకా ఆలస్యం చేయకండి, బాగా పొద్దుపోయాక కట్టడాల దీపాలు ఆర్పేస్తారు.

అయిదో అడుగు: తెల్లారగానే కోటకొండ

మర్నాడు ఏడింటికల్లా కొండ మీద ఉండేలా దేయాక్ తేర్‌లో 16 నంబరు బస్సెక్కండి. 1870 నాటి తీగబండి కూడా ఉంది గానీ, రెండు నిమిషాల ప్రయాణానికి ఖరీదెక్కువ, క్యూ పెద్దది. బస్సు మీ పాసులోనే వస్తుంది.

ముందు జాలరుల బురుజు. మధ్యయుగాల కోటలా కనిపిస్తుంది గానీ కట్టింది 1895, 1902 మధ్య. ఏడు బురుజులూ ఈ నేలకొచ్చిన ఏడు మజ్యార్ (హంగరీవాళ్ళ పూర్వీకులు) తెగలకు గుర్తు. పై వరసకు పగటిపూట టికెట్, తెల్లవారుజామునా రాత్రీ ఉచితం. కింది వసారాలు ఎప్పుడూ ఉచితమే. ఫొటోల మీద మోజున్నవాళ్ళు ఒకటి తెలుసుకోండి. ఉదయం సూర్యుడు పెస్ట్ వెనకనుంచి మీ కళ్ళలోకి కొడతాడు, పార్లమెంటు నీడలో ఉంటుంది. బురుజు ఖాళీగా కావాలంటే ఉదయం, పార్లమెంటు ఫొటో కావాలంటే సాయంత్రం.

పక్కనే మత్యాష్ చర్చి. కప్పు మీద జోల్నాయ్ అనే పింగాణీ కంపెనీ చేసిన రంగురంగుల పెంకులు. టర్కీ పాలనలో నూటనలభై ఏళ్ళకు పైగా ఇది మసీదుగా ఉంది. లోపల గోడలు, స్తంభాలు అంగుళం వదలకుండా చిత్రించారు. టికెట్ పెట్టి చూడదగ్గదే. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, పెళ్ళిళ్ళున్న రోజుల్లో శనివారం మధ్యాహ్నం కూడా సందర్శకులను ఆపేస్తారు.

కోట రాజభవనం వైపు నడిచి వెళ్ళండి. లోపలున్న జాతీయ గ్యాలరీ చిత్రకళ ఇష్టమున్నవాళ్ళకే. మన అమృతా షేర్‌గిల్ 1913లో పుట్టింది ఈ ఊళ్ళోనే, తల్లి హంగరీ ఆవిడ. హంగరీ చిత్రకారుల పల్లె రంగులు చూస్తుంటే ఆవిడ బొమ్మలు గుర్తుకు రాక మానవు. కళ కంటే చరిత్ర ఇష్టమైతే కొండ కింద సొరంగాల్లో ఉన్న రాతి ఆసుపత్రికి వెళ్ళండి. రెండో ప్రపంచ యుద్ధంలో, సోవియట్ పెత్తనం మీద జరిగిన 1956 తిరుగుబాటులో గాయపడ్డవాళ్ళకు అక్కడ వైద్యం చేశారు. గైడుతోనే చూడాలి, లోపల ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది.

ఆరో అడుగు: పార్లమెంటు, ఆ పక్కనే ఇనుప బూట్లు

పార్లమెంటుకు ముందే ఆన్‌లైన్లో టికెట్ కొనాలి. అక్కడికెళ్ళి కొందామంటే సీజన్లో దొరకదు. ధర పౌరసత్వం బట్టి ఉంటుంది, యూరోపియన్ యూనియన్ పౌరులకు తక్కువ. జర్మనీలో నివాసమున్నా భారతీయ పాస్‌పోర్టుకు ఎక్కువ ధరే. పర్యటన ముప్పావుగంట. విమానాశ్రయంలో లాంటి తనిఖీ ఉంటుంది కాబట్టి కాస్త ముందే చేరండి.

ఇమ్రె ష్టైండల్ రూపకల్పనలో 1885లో పని మొదలై 1904 దాకా సాగింది. గుమ్మటం ఎత్తు 96 మీటర్లు, సెయింట్ స్టీఫెన్ బసిలికా అనే పెద్ద చర్చిదీ 96 మీటర్లే. మజ్యార్లు ఈ నేలకొచ్చిన 896వ సంవత్సరానికి గుర్తు అది. గుమ్మటం కింద అద్దాల పెట్టెలో హంగరీ రాజకిరీటం, పక్కన కత్తులు పట్టిన కాపలా. కిరీటం మీది శిలువ వంగిపోయి ఉంటుంది, అలాగే ఉంచేశారు. యుద్ధం చివర్లో అమెరికా సైన్యం చేతికి చిక్కి, 1978లో తిరిగొచ్చిన కిరీటం అది. అక్కడ ఫొటోలు తీయనివ్వరు. కళ్ళారా చూడండి.

బయటికొచ్చి నది గట్టు మీద దక్షిణంగా కొద్ది దూరం నడిస్తే ఇనుప బూట్లు కనిపిస్తాయి. అరవై జతలు. మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, చిన్నపిల్లలవి. 1944, 45 చలికాలంలో హంగరీ ఫాసిస్టు ముఠా యూదులను ఇక్కడికి తెచ్చి, బూట్లు విప్పించి, కాల్చి నదిలోకి తోసేసింది. 2005లో ఈ స్మారకం పెట్టారు. బూట్లలో జనం వదిలిన గులకరాళ్ళు, పూలు, కొవ్వొత్తులు ఉంటాయి. వాటిలో కాళ్ళు పెట్టి ఫొటోలు దిగేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళు ముందే నాలుగు మాటలు చెప్పి తీసుకెళ్ళండి.

దీని వెంటనే దోహాని వీధిలోని యూదు ప్రార్థనాలయం చూస్తే కథ పూర్తిగా అర్థమవుతుంది. 1859లో కట్టిన ఇది యూరప్‌లోకెల్లా పెద్దది. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, మగవాళ్ళకు టోపీ అక్కడే ఇస్తారు. ఆవరణలోనే, గెట్టోలో (యుద్ధకాలంలో యూదులను బంధించి ఉంచిన వాడలో) చనిపోయిన రెండువేలకు పైగా మందిని పాతిపెట్టిన తోట ఉంది. వెనక పెరట్లో లోహంతో చేసిన విల్లో చెట్టు, ఒక్కో ఆకు మీద చనిపోయినవాళ్ళ పేర్లు.

ఏడో అడుగు: వేడినీళ్ళ స్నానం

మనవాళ్ళలో సగంమంది సిగ్గుపడో, అలవాటు లేకో దీన్ని వదిలేస్తారు. వదలకండి. ఈ ఊరు వేడి ఊటల మీద కూర్చుంది, స్నానశాలకు వెళ్ళడం ఇక్కడివాళ్ళకు నిత్యకృత్యం.

మొదటిసారికి సేచెన్యి మంచిది. నగరోద్యానంలో పసుపు రంగు మేడ, 1913లో తెరిచారు. ఒకటో నంబరు మెట్రోలో అదే పేరున్న స్టేషన్లో దిగాలి. ఆరుబయట మూడు పెద్ద కొలనులు, లోపల పదిహేను. వారాంతంలో ధర ఎక్కువ, రద్దీ ఎక్కువ. పనిరోజున పొద్దున్నే వెళ్ళండి.

టికెట్ రెండు రకాలు: అందరితో కలిసి లాకరు, లేదా సొంత క్యాబిన్. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు క్యాబిన్ తీసుకోండి, లోపలే గడియ పెట్టుకుని బట్టలు మార్చుకోవచ్చు, ఇద్దరు సర్దుకోవచ్చు. చేతికిచ్చే పట్టీయే తాళంచెవి. తువ్వాలు, రబ్బరు చెప్పులు ఇంటినుంచే తెచ్చుకోండి, అక్కడ అద్దె ఎక్కువ. ఈత కోసం కుట్టిన బట్టే వేసుకోవాలి. కాటన్ టీషర్టు, లుంగీ, చుడీదార్ కుదరవు. షవర్ కింద ఒళ్ళు తడుపుకుని కొలనులోకి దిగాలి. మధ్య కొలను ఈతగాళ్ళది, అందులో తలటోపీ తప్పనిసరి. ఓ పక్కన ఉన్న వేడి కొలనులో నీళ్ళు దాదాపు 38 డిగ్రీలు. నడుములోతు నీళ్ళలో నిలబడి, తడి రాతి బల్ల మీద పెద్దాయనలు చదరంగం ఆడుతుంటారు. చలికాలం పొద్దున ఆవిరి కమ్ముకుని పక్క మనిషి మొహం కూడా మసకగా ఉంటుంది, పావు కదిలిన టక్కుమనే చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఒక్క దఫా ఇరవై నిమిషాలు మించి వేడినీళ్ళలో ఉండకండి. బయటికొచ్చి కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ దిగండి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడక్కుండా దిగొద్దు. 14 ఏళ్ళలోపు పిల్లలను వేడి కొలనుల్లోకి రానివ్వరు. పిల్లలున్నవాళ్ళు వేసవిలో మార్గరెట్ ద్వీపంలోని పలాటినుష్‌కు వెళ్ళొచ్చు.

ఇంకోటి కూడా చూసే తీరిక ఉంటే రుదాష్. టర్కీ కాలపు గుమ్మటం, ఎనిమిది స్తంభాల మధ్య ఎనిమిది మూలల కొలను, కప్పులోని రంధ్రాల్లోంచి నీటి మీద పడే వెలుతురు. పాత భాగంలో కొన్ని రోజులు మగవాళ్ళకే, కొన్ని రోజులు ఆడవాళ్ళకే ఉంటాయి, ముందే చూసుకోండి. గెల్లెర్ట్ స్నానశాలను 2025 అక్టోబరులో మరమ్మతులకు మూసేశారు, పాత వీడియోలు చూసి అక్కడికి వెళ్ళకండి.

స్నానం అయ్యాక ఆకలి దంచేస్తుంది. బయటే వీరుల చౌక్, పక్కన చెరువు, వాయ్‌దహున్యద్ కోట ఉన్నాయి. తిన్నాక తాపీగా చూడొచ్చు. అక్కణ్ణుంచి ఆంద్రాషి రోడ్డు వెంట ఊళ్ళోకి నడిచి రండి, దారిలో 1884 నాటి ఆపెరా భవనం వస్తుంది.

తిండి సంగతి

గొడ్డుమాంసం తినని మనవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. ఊరంతా పొగిడే గుయాష్ సూప్ మామూలుగా గొడ్డుమాంసంతోనే చేస్తారు. మెనూలో మర్హా అంటే గొడ్డుమాంసం, షెర్తేష్ అంటే పందిమాంసం, చిర్కె అంటే కోడి. మనకు బాగా నచ్చేది చిర్కెపప్రికాష్: కారప్పొడి రంగు గ్రేవీలో కోడి, మీద పుల్లటి మీగడ, పక్కన నోకెడ్లి అనే చిన్న పిండి ఉండలు.

శాకాహారులకు ఇబ్బంది ఉంది గానీ పస్తులుండక్కర్లేదు. పుట్టగొడుగుల పప్రికాష్, వేయించిన చీజ్, పుల్ల చెర్రీల చల్లటి సూప్ దొరుకుతాయి. లాంగోష్ అంటే నూనెలో కాల్చిన పెద్ద రొట్టె. వెల్లుల్లి నీళ్ళు రాసి, మీగడ, చీజ్ వేసి వేడివేడిగా ఇస్తారు. ఒకటి ఇద్దరికి చాలు. కూరగాయల ఫోజెలేక్ చూడటానికి శాకాహారమే అయినా మాంసం రసంతోనో, పందికొవ్వుతోనో చేసి ఉండొచ్చు. 'హూష్ నేల్‌క్యుల్' అంటే మాంసం లేకుండా అని, 'జీర్' అంటే కొవ్వు. ఈ రెండు మాటలూ ఫోన్లో రాసుకుని చూపించండి. బిల్లులో సర్వీసు చార్జీ ముందే కలిపారేమో చూసుకుని, కలిపి ఉంటే మళ్ళీ టిప్పు ఇవ్వకండి.

ఫోవామ్ తేర్‌లో 1897 నాటి పెద్ద మార్కెట్ హాలు ఉంది. పనిరోజుల్లో ఉదయం వెళ్ళండి. కింది అంతస్తులో ఎర్రటి మిరపపొడి సంచులు. ఏదెష్ అని రాసుంటే కారం లేనిది, చీపోష్ అంటే కారం. గుంటూరు మిర్చికి అలవాటుపడ్డ నాలుకకు వాళ్ళ కారం కూడా చప్పగానే ఉంటుంది. అందుకే ఏదెష్ కొనండి. కూరకు కారం మన పొడి ఇస్తుంది, ఆ ముదురు ఎరుపు, కమ్మటి వాసన దీనికే సొంతం. బొమ్మల గుడ్డసంచుల్లో అలంకారంగా కట్టినది ఎన్నాళ్ళుగా వెలుతురులో వేలాడిందో తెలియదు. గాలి తగలకుండా సీలు వేసిన ప్యాకెట్టు, తేదీ చూసి తీసుకోండి.

చివరి పూట

సామాన్లు హోటల్లోనో, స్టేషన్ లాకర్లోనో పెట్టి, 4 లేదా 6 ట్రాములో మార్గరెట్ వంతెన మధ్యలో దిగితే మార్గరెట్ ద్వీపం. కార్లు తిరగవు, చెట్ల కింద కూర్చోవచ్చు. పెద్దవాళ్ళకు కాళ్ళు లాగుతుంటే మూడు రోజుల్లో ఏదైనా మానేసి ఒక మధ్యాహ్నం ఇక్కడ గడపండి. మానేయడానికి నేనైతే బసిలికా పైకెక్కడం ఎంచుకుంటాను, కొండ మీదనుంచి ఊరు చూసినవాళ్ళకు అది కొత్తగా చూపించేది తక్కువ.

వెళ్ళేముందు మిగిలిన ఫోరింట్ నోట్లు ఖర్చు చేసేయండి, హంగరీ దాటాక చిల్లరను ఎవరూ మార్చరు. విమానమైతే 100ఇ టికెట్ యాప్‌లో ముందే కొనుక్కోండి, సాయంత్రాలు దేయాక్ తేర్‌లో ఆ బస్సుకు క్యూ పొడవుగా ఉంటుంది. ఒక బస్సు వదిలేయాల్సి వచ్చినా కంగారుపడకుండా ఉండేంత ముందుగా అక్కడికి చేరండి.